సెల్లార్‌లోకి నీళ్లు వస్తే: ఇల్లు, సంపు, పాత కాగితాలు

ఏటా అక్టోబరు దాటేసరికి మన సభ్యుల దగ్గర్నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "కార్యదర్శిగారూ, సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. ఏం చేయమంటారు?" సంఘం కార్యదర్శికీ సెల్లార్ నీళ్లకూ సంబంధం ఏమిటని కొత్తవాళ్లకు అనిపించవచ్చు. 2015 డిసెంబరులో మా సంఘం కార్యాలయం చెన్నైలో, అడయారు నదికి దగ్గరగా ఉన్న ఒక మేడ కింది సెల్లార్‌లో ఉండేది. ఆ రోజు ఏం చేయాలో, ఏం చేయకూడదో మాకు తెలియదు. తెలియక చేసిన పొరపాట్లు చాలావరకు నావే. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్లను, మేస్త్రీలను, డాక్టర్లను, గ్రంథాలయాల్లో పనిచేసినవాళ్లను అడిగి తెలుసుకున్నదంతా ఒకచోట రాసి పెట్టమని సభ్యులు చాలాకాలంగా అడుగుతున్నారు. బీరువా తలుపు లోపలివైపు అతికించుకోవడానికి పనికొచ్చేలా రాయడానికి ప్రయత్నించాను.

ఇది చెన్నై వాళ్లకు మాత్రమే అనుకోవద్దు. ముంబైలో 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి పారినప్పుడు యానాం వీధుల్లో పడవలు తిరిగాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరు బెళ్ళందూరు వైపు విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద తీసుకొచ్చారు. మనవాళ్లు తరతరాలుగా ఉంటున్న ఊళ్లలో నీటి భయం లేని ఊరు తక్కువ.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి

ముందు ఇది తేల్చుకోవాలి. సెల్లార్‌లోకి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి, మూడింటికీ మందు వేరు.

మొదటిది వీధి. ర్యాంపు మీదుగా, గాలి కోసం పెట్టిన కిటికీల గుండా వాన నీళ్లు దిగుతాయి. ఇది కంటికి కనబడుతుంది. రెండోది డ్రైనేజీ. వీధిలో మ్యాన్‌హోల్ నిండితే మురుగు వెనక్కి తన్ని మన బాత్రూము జాలీలోంచి, కింది అంతస్తు మరుగుదొడ్డిలోంచి పైకి వస్తుంది. బయట వాన తగ్గినా లోపల నీళ్లు పెరుగుతున్నాయంటే, వాసన వస్తోందంటే అదే. మూడోది భూమి. నాలుగు రోజులు ముసురు పట్టాక భూగర్భ జలం పైకి లేచి నేల పగుళ్లలోంచి, గోడకూ నేలకూ మధ్య ఉన్న సందులోంచి ఊరుతుంది. ఆ నీళ్లు కొంచెం తేటగా ఉంటాయి, ఎంత తోడినా మళ్లీ ఊరుతుంటాయి.

వీధి నీళ్లకు ఇసుక బస్తాలు పనికొస్తాయి. డ్రైనేజీ నీళ్లకు అవి దండగ. అప్పటికప్పుడు చేయగలిగింది జాలీ తీసి, గొంతులో గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ సంచీ దట్టంగా కుక్కి, పైన ఇసుక మూట పెట్టడమే. తర్వాత ప్లంబరును పిలిచి, మురుగు బయటికి పోవడమే గాని లోపలికి రానివ్వని వాల్వు పెట్టించుకోవాలి. భూమి నీళ్లను ఆపాలని చూడటం కంటే ఒక మూల గుంట తీసి, అందులోకి చేరిన నీటిని చిన్న మోటారుతో తోడుకోవడం తెలివైన పని.

నీళ్లు పెరుగుతున్నప్పుడు

అన్నిటికన్నా ముందు కరెంటు. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్ల బోర్డు, మెయిన్ స్విచ్ ఆ సెల్లార్‌లోనే ఉంటాయి. అక్కడే ఉంది పెద్ద చిక్కు. నేల తడవక ముందే అయితే మెయిన్ ఆపేయండి. నీళ్లు ఇప్పటికే నిలిచి ఉంటే ఆపడానికి కూడా లోపలికి దిగకూడదు. చీలమండ లోతే కదా అనుకోవద్దు. మునిగిన ఒక్క ప్లగ్గు పాయింటు చాలు, నీళ్లంతటికీ కరెంటు పాకడానికి. 1912కు గాని, మీ ఏరియా కరెంటు ఆఫీసుకు గాని ఫోన్ చేసి బయట స్తంభం దగ్గరే ఆపించాలి. వాళ్లు ఆపామని చెప్పిన తర్వాత కూడా ఇన్వర్టరు ఉందా, జనరేటరు ఉందా, పైకప్పు మీద సోలారు ఉందా చూసుకోండి. వీధిలో కరెంటు పోయినా ఇవి వైర్లలోకి కరెంటు పంపుతూనే ఉంటాయి.

లిఫ్టును రెండో అంతస్తుకు గాని ఆ పైకి గాని పంపించి అక్కడే స్విచ్ ఆపేయాలి. కిందికి దిగిన లిఫ్టు నీళ్లలో ఇరుక్కుంటే లోపలి మనిషి ప్రాణానికే ముప్పు, లిఫ్టు బాగుచేయించే ఖర్చు తర్వాతి మాట.

బండ్లను ముందుగానే తీసేయాలి. నీళ్లు దిగడం మొదలయ్యాక కారు కోసం ర్యాంపు దిగవద్దు. లోపలికి తెరుచుకునే మూడడుగుల వెడల్పు తలుపు అవతల మూడడుగుల నీళ్లు నిలిస్తే దాని మీద పడే బరువు మూడున్నర వందల కిలోలు దాటుతుంది. ఎంత బలమైనవాడైనా దాన్ని తెరవలేడు. 2024 జులై 27న ఢిల్లీలో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లో నడుస్తున్న లైబ్రరీలోకి వీధి నీళ్లు నిమిషాల్లో నిండి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మన ఊళ్లలోనూ సెల్లార్లలో ట్యూషన్లు నడుస్తున్నాయి, వాచ్‌మన్ కుటుంబాలు పడుకుంటున్నాయి. వాన పట్టిన రాత్రి ముందుగా వాళ్లను పైకి పిలవండి. కారు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

గ్యాసు సిలిండరు రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, పైకి చేర్చాలి. నీళ్లలో సిలిండరు తేలుతుంది, గొట్టం తెగుతుంది. మునిగిన రెగ్యులేటరును తిరిగి వాడకుండా డీలరుకు చూపించి మార్పించుకోండి.

ఆ రోజు నేను ఏం తెచ్చాను

2015 డిసెంబరు 1న తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీళ్లు అడయారులోకి వదిలారు. అర్ధరాత్రి దాటాక సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కొట్టూరుపురం వైపు నది వీధుల్లోకి వచ్చేసింది.

మా కార్యాలయానికి వాచ్‌మన్ ఫోన్ చేసేటప్పటికి అడుగు నీళ్లు ఉన్నాయి. నేను, కోశాధికారి వెళ్లాం. కరెంటు అప్పటికే పోయింది. అది మా అదృష్టం, తెలివి కాదు. చేతిలో టార్చి, ఒక్కసారి దిగి రావడానికి మాత్రమే సమయం. నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు సెక్షన్ గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అలాంటివాణ్ణి ఏం తెచ్చానో తెలుసా? నగదు పెట్టె. అందులో నాలుగు వేల చిల్లర ఉంది. దాని పక్కనే ఉన్న కింది అరలో సభ్యత్వ రిజిస్టర్లు, పాత మినిట్స్ పుస్తకాలు, మూతబడిన ఒక తెలుగు బడి అడ్మిషన్ పుస్తకం ఉన్నాయి. మళ్లీ దిగి తెద్దామనుకునేలోగా నీళ్లు నడుము దాటాయి. కోశాధికారి నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. ఆయన లాగకపోతే ఇది రాసే అవకాశం ఉండేది కాదేమో.

నాలుగు రోజుల తర్వాత తలుపు తెరిచాం. ఆ సంగతి కింద కాగితాల దగ్గర చెబుతాను.

నీళ్లు తోడటం

అందరూ చేసే పొరపాటు తొందర. వీధిలో నీళ్లు తగ్గగానే పెద్ద పంపు పెట్టి గంటలో సెల్లార్ ఖాళీ చేయాలనుకుంటారు. చుట్టూ భూమి అప్పటికి నానబోసిన మినప్పప్పులా ఉంటుంది. ఆ తడి మట్టి బయటి నుంచి గోడను నెడుతూ ఉంటుంది. లోపలి నీళ్లే ఆ నెట్టుడుకు ఎదురు నిలబడి ఉంటాయి. లోపల ఒక్కసారి ఖాళీ చేస్తే గోడ లోపలికి వంగవచ్చు, నేల పగిలి పైకి లేవవచ్చు. అందుకని నిండా నీళ్లున్న సెల్లార్‌ను రోజుకు మూడో వంతు చొప్పున తోడమంటారు. సాయంత్రం గోడ మీద గీత గీసి పెట్టుకుని, తెల్లవారి చూడండి. నీళ్లు గీత దాటి పైకి వచ్చి ఉంటే భూమి ఇంకా తగ్గలేదని అర్థం. ఒక రోజు ఆగండి.

పెట్రోలు, డీజిలు ఇంజిన్ పంపును గాని జనరేటరును గాని సెల్లార్ లోపల పెట్టి నడపవద్దు. దాని పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. మూసిన చోట అది మనిషిని కొద్ది నిమిషాల్లో పడగొడుతుంది. ఇంజిన్ బయటే ఉండాలి, గొట్టం మాత్రమే లోపలికి వెళ్లాలి.

లోపలికి దిగేవాళ్లు బూట్లు వేసుకోవాలి, కర్రతో తడుముతూ నడవాలి. గాజు పెంకులు, తెరిచిన గుంతలు, పాములు అన్నీ ఉంటాయి. కాలికి పుండు, గాయం ఉన్నవాళ్లు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు అసలు దిగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. 2005 వరదల తర్వాత ముంబైలో ఆ జ్వరం ఎక్కువైంది. వరద నీళ్లలో నడిచినవాళ్లకు రెండు వారాల లోపల జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరుకు వెళ్లి, నీళ్లలో నడిచిన సంగతి తప్పకుండా చెప్పాలి. గాయమైతే టెటనస్ సూది ఎలాగూ వేయించుకోవాలి.

సంపు

వరద నీళ్లు ఒక్క బిందెడు సంపులోకి దిగినా ఆ నీళ్లన్నీ పోయినట్టే. వడగట్టి వాడదాం, పైది తేటగా ఉంది కదా అనుకోవద్దు. సెప్టిక్ ట్యాంకు, సంపు పక్కపక్కనే ఉన్న ఇళ్లు మన పేటల్లో ఎన్నో చూశాను.

మొత్తం తోడేసి, బురద తీసి, గోడలు బ్రష్షుతో రుద్ది కడగాలి. తర్వాత సంపు నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చొప్పున కలపాలి. పొడిని నేరుగా వేయకుండా బకెట్‌లో పేస్టులా చేసి, నీళ్లు కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రం పోయాలి. ఆ నీళ్లతో పైట్యాంకు కూడా నింపి, ప్రతి కుళాయి వాసన వచ్చేదాకా తిప్పి మూసేయాలి. ఒక రాత్రంతా వదిలి, తెల్లవారి అంతా వదిలేసి మామూలు నీళ్లతో కడుగుకోవాలి. ఆ తర్వాత రోజూ వాడుకునే నీళ్లకు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు వేసి గంట ఆగితే చాలు. తాగే నీళ్లు కొన్ని వారాలు కాచుకోవడం మేలు. బ్లీచింగ్ పౌడరు కొత్తదై, గట్టి వాసన రావాలి. పోయినేడు మూత తెరిచి వదిలేసిన డబ్బాలో ఉన్నది ఉత్త సున్నమే.

బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలపవద్దు. రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి పోసినా అంతే.

సంపులోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని మనిషిని దింపే ముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. సెప్టిక్ ట్యాంకులోకైతే ఎవరినీ దింపనే కూడదు. 2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనిషి చేత ఆ పని చేయించడాన్ని నేరం అంటుంది. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగి ఇద్దరూ పోయిన వార్తలు ప్రతి ఏడాదీ చూస్తున్నాం. లారీ పిలవండి.

గోడలు, సామాను

బురద తడిగా ఉన్నప్పుడే తీసేయాలి, ఎండితే సిమెంటులా పట్టుకుంటుంది. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత లీటరుకు 30 గ్రాముల బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తుడవాలి. బురద ఉండగా బ్లీచింగ్ చల్లడం దండగ, మురికి దాని శక్తిని తినేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లనే వాడారు. మనకు అంత వసతి లేకపోయినా, ఆ రోజే కడగాలన్న తొందర మాత్రం అవసరం.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు మునిగి ఉంటే పైకి ఎండినట్టు కనబడ్డా ప్లగ్గు పెట్టవద్దు. మెకానిక్ విప్పి ఆరబెట్టాకే. మునిగిన స్విచ్చులు, ఎం.సి.బి.లు మార్చేయాలి, వైర్లను మెగ్గర్‌తో పరీక్ష చేయించాలి. ఇ.ఎల్.సి.బి. లేని ఇల్లు ఉంటే ఈ సందర్భంలోనే పెట్టించుకోండి. వెనకటి ఇళ్ల టేకు తలుపులు నీడన ఆరితే మళ్లీ పనికొస్తాయి, ఎండలో పెడితే వంకర పోతాయి. రంపపుపొట్టు చెక్కతో చేసిన కొత్తరకం బీరువాలు ఉబ్బిపోతాయి, వాటి మీద ఆశ వదులుకోండి. తడిసిన పరుపులు, తడిసిన బియ్యం బస్తాలు పారేయాలి. మా ఇంట్లో ఆ బియ్యం ఎండబెట్టి ఇడ్లీ రవ్వ పట్టిద్దామని మా ఆవిడ పట్టుపట్టింది. ఆ ఒక్క విషయంలో నేను గెలిచాను.

గోడకు రంగు వేయడానికి ఎవరికీ ఓపిక ఉండదు, సంక్రాంతి ముందే వేయించేస్తారు. ఇటుక గోడ లోపలి తడి ఆరడానికి నెలలు పడుతుంది. ముందే పుట్టీ పెట్టి పెయింటు వేస్తే లోపలి ఉప్పు దాన్ని పెచ్చులు పెచ్చులుగా నెట్టేస్తుంది. చిన్న పరీక్ష ఉంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి వదలండి. తెల్లవారి లోపలివైపు చెమట పట్టి ఉంటే గోడ ఇంకా తడే. గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తే నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి ఊడ్చేయండి.

పాత కాగితాలు

ఇక్కడే మన ఇళ్లకు అసలు నష్టం. ఫ్రిజ్ మళ్లీ కొనుక్కోవచ్చు. తాతగారి బడి సర్టిఫికెట్‌లో 'మాతృభాష: తెలుగు' అని ఉన్న గడిని ఏ కొట్లో కొంటాం? సొంత రాష్ట్రంలో ఉన్నవాడిని నువ్వు ఎవరని ఎవరూ అడగరు. మనల్ని అడుగుతారు. పిల్లల్ని భాషా అల్పసంఖ్యాకుల బడిలో చేర్చేటప్పుడు అడుగుతారు, కుల ధ్రువపత్రానికి వెళ్లినప్పుడు అడుగుతారు. మహారాష్ట్రలో కుల పరిశీలన కమిటీ ముందు ఎస్సీలైతే 1950 ఆగస్టు 10కి, ఓబీసీలైతే 1967 అక్టోబరు 13కి ముందునాటి ఆధారం చూపాలి. షోలాపూరులో, భివండీలో మగ్గాల మీద బతికిన కుటుంబాలకు ఆ ఆధారం చాలాసార్లు పాత బడి కాగితం ఒక్కటే. అది తడిస్తే మనవడి చదువు దాకా తగులుతుంది.

మా కార్యాలయం తలుపు తెరిచినప్పుడు రిజిస్టర్లు రొట్టెల్లా ఉబ్బి ఉన్నాయి. నేను వాటిని మేడ మీదికి మోయించి, డిసెంబరు ఎండలో పరిచాను. రెండు రోజుల్లో పేజీలు అట్టల్లా అతుక్కుపోయాయి. విడదీయబోతే అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకుని వచ్చాయి. అప్పటికే నల్లబూజు కూడా పట్టింది. బడి అడ్మిషన్ పుస్తకంలో మొదటి ఇరవై పేజీలు ఫౌంటెన్ పెన్ను సిరాతో రాసినవి. ఆ పేర్లన్నీ నీలం మరకలయ్యాయి. వెనక పేజీలు బాల్‌పెన్నుతో రాసినవి, చాలావరకు నిలిచాయి. ఇప్పుడైతే ఏం చేసేవాణ్ణో చెబుతాను.

తడిసిన కాగితానికి రెండు రోజుల గడువు ఉంటుంది, తర్వాత బూజు మొదలవుతుంది. ఆ రెండు రోజుల్లో అన్నీ ఆరబెట్టలేమనుకుంటే, కొన్ని కొన్ని విడిగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి బంధువుల ఇంట్లో డీప్ ఫ్రీజరులో పెట్టండి. నవ్వకండి, గ్రంథాలయాలు చేసే పనే ఇది. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, సిరా ఇక పాకదు. తీరిక చూసుకుని ఒక్కొక్క కట్ట బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు.

బురద ఉంటే, బాల్‌పెన్ను రాత గాని టైపు గాని అయితే, పళ్లెంలో శుభ్రమైన చన్నీళ్లు పోసి కాగితాన్ని మెల్లగా తేలనిచ్చి తీయవచ్చు. సిరా రాత, రబ్బరు స్టాంపు ముద్ర ఉన్నవి కడగవద్దు. తడి కాగితాన్ని వేలితో మూల పట్టి లేపితే చిరుగుతుంది, కింద ప్లాస్టిక్ షీటు జొనిపి దానితోపాటు ఎత్తాలి. అద్దుడు కాగితం గాని, అచ్చు లేని తెల్ల కాగితం గాని పరిచి, దాని మీద ఆరబెట్టాలి. దినపత్రిక వాడితే ఆ అచ్చు మన పత్రం మీదికి దిగుతుంది. ఎండ వద్దు, ఇస్త్రీ పెట్టె వద్దు. నీడ, ఫ్యాను, తెరిచిన కిటికీ చాలు. ఫ్యాను గాలి నేరుగా కాగితాల మీదికి కాకుండా గదిలో తిరిగేలా పెట్టండి. పుస్తకాలైతే పది పదిహేను పేజీలకొక తెల్ల కాగితం పెట్టి, నాలుగు గంటలకొకసారి మార్చాలి. నున్నటి ఆర్టు కాగితం పుస్తకాలు మాత్రం తడి ఉండగానే పేజీ పేజీ విడదీయాలి, ఒకసారి ఆరితే ఇటుకే.

ఫోటోల పద్ధతి వేరు. ఆల్బమ్‌లో అతుక్కున్నవి బలవంతంగా లాగవద్దు. శుభ్రమైన చన్నీళ్లలో కొంచెంసేపు ఉంచితే వాటంతట అవే వదులుతాయి. బొమ్మ వైపు వేలు తగలనివ్వకుండా, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. తాటాకు పుస్తకాలు ఉన్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని మీరు ముట్టుకోకుండా చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వంటి చోట సలహా అడగండి.

లామినేషన్ చేయించాం, మాకేం భయం అంటారు కొందరు. అంచు చీలి లోపలికి నీళ్లు పోతే ఆ కాగితం ఆరే దారే లేదు. పైగా అసలు పత్రానికి లామినేషన్ చేస్తే కొన్ని కార్యాలయాలు ఒప్పుకోవు.

పాడైపోయిన పత్రాన్ని పారేయవద్దు. ఇది ఒక గుమాస్తా మాటగా వినండి. 'పోయింది' అంటే పోలీసు రిపోర్టు, పత్రికా ప్రకటన, ప్రమాణపత్రం అని తిప్పుతారు. 'పాడైంది' అని ముక్కలు చేతిలో పెడితే దారి చాలాచోట్ల దగ్గరవుతుంది. రిజిస్టరు అయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, దానికి దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిసి ఉంటే చాలు. ఆ రెండు అంకెలు ఒక చీటీ మీద రాసి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు ఇచ్చి ఉంచండి. తడిసి చినిగిన నోట్లను బ్యాంకులో మార్చుకోవచ్చు. 2015లో తమిళనాడు ప్రభుత్వం వరదల్లో పోయిన పత్రాల కోసం ప్రత్యేక శిబిరాలు పెట్టి నకళ్లు ఉచితంగా ఇచ్చింది. ఆ సమయంలో వెళ్లినవాళ్లకు పని ఎంతో సులువైంది. తర్వాత చూద్దాంలే అన్నవాళ్లు ఏడాది తిరిగారు.

ఇన్సూరెన్సు, సాయం

మునిగిన కారును స్టార్ట్ చేయకండి. నీళ్లు సిలిండర్లలోకి పోయి ఇంజిన్ విరుగుతుంది. మామూలు సమగ్ర పాలసీ వరద నష్టాన్ని ఇస్తుంది గాని, మునిగాక స్టార్ట్ చేయడంవల్ల విరిగిన ఇంజిన్‌కు ఇవ్వనంటుంది. అందుకు 'ఇంజిన్ ప్రొటెక్ట్' అని విడిగా తీసుకోవాలి. బ్యాటరీ వైరు తీయించి, లారీ మీద వర్క్‌షాపుకు పంపండి.

ఇంటికి 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలూ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి. వరద అందులో ఉంటుంది. ఇంటి మీద తీసుకున్న మొత్తంలో 20 శాతం, పది లక్షలకు మించకుండా, ఇంట్లో సామానుకు దానంతటదే వర్తిస్తుంది. మనవాళ్లలో కారుకు కట్టేవాళ్లే తప్ప ఇంటికి కట్టేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. శుభ్రం చేయకముందే, గోడ మీద నీటి గీత కనబడేలా, ప్రతి వస్తువు సీరియల్ నంబరు కనబడేలా ఫోటోలు తీయండి. సర్వేయరు వచ్చేదాకా పాడైన వస్తువులు పారేయకండి. తప్పనిసరైతే ఫోటో తీసి, జాబితా రాసి, పొరుగింటివారి సంతకం తీసుకోండి.

ప్రభుత్వ సాయం రేషన్ కార్డును బట్టి వస్తుంది. తమిళనాడులో 2015లో నీళ్లు చొరబడిన ఇళ్లకు 5,000, 2023 మిచాంగ్ తుపాను తర్వాత 6,000 రూపాయలు ఇచ్చారు. కార్డు చిరునామా పాత ఇంటిదే ఉంచుకున్నవాళ్లు రెండుసార్లూ చేతులు ముడుచుకుని చూశారు.

మళ్లీ రాకుండా

మన పాత ఇళ్లు కట్టినప్పుడు గడప వీధికి రెండడుగులు ఎత్తున ఉండేది. పాత పొర తీయకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే వీధే గడపను మించిపోయింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం పాత పొర చెక్కాకే కొత్తది వేయాలని ఆదేశించింది. మీ వీధిలో రోడ్డు వేసే రోజు కాంట్రాక్టరును ఆ మాట అడగడానికి నలుగురు నిలబడితే చాలు. చెన్నై శివార్లలో జాకీలు పెట్టి ఇల్లే పైకి లేపుతున్నారు, అది పని తెలిసినవాళ్లతో, ఇంజనీరుకు చూపించాకే చేయించాలి. ర్యాంపు మొదట్లో స్పీడ్ బ్రేకర్‌లా ముప్పావు అడుగు గట్టు, సంపు మూతకు వీధికన్నా ఎత్తైన కట్టడం, మీటరు బోర్డు మొదటి అంతస్తుకు మార్చడం ఇవి మాత్రం ఎవరైనా చేయించుకోగలిగినవి. అపార్ట్‌మెంట్ మీటింగులో ఖర్చు దగ్గర గొడవ వస్తుంది. పై అంతస్తుల వాళ్లు మాకేం అంటారు. లిఫ్టు, మోటారు, కరెంటు మూడూ కిందే ఉన్నాయని గుర్తుచేయండి.

మా సంఘం ఇప్పుడు రెండో అంతస్తులో ఉంది. మిగిలిన అడ్మిషన్ పుస్తకంలోని పేజీలను స్కాన్ చేయించాం, మరకలైన ఇరవై పేజీల్లో పేర్లను బతికి ఉన్న పెద్దవాళ్లను అడిగి కొన్ని పూరించాం. పదకొండు పేర్లు ఇంకా తెలియలేదు. ఈ అక్టోబరు నుంచి ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కార్యాలయంలో స్కానరు పెడుతున్నాం. పెద్దల బడి సర్టిఫికెట్లు, పట్టాలు, పెళ్లి శుభలేఖలు, ఏది తెచ్చినా స్కాన్ చేసి పెన్ డ్రైవ్‌లో ఇస్తాం. పెన్ డ్రైవ్ మీరే తెచ్చుకోవాలి. పత్రాలకు పిన్నులు, టేపు ఉంటే ఇంట్లో పీకకుండా అలాగే తీసుకురండి, ఇక్కడ నేను తీస్తాను.